ఎదుటి పక్షం నుంచి వచ్చిన ముఖ్యమంత్రి: ప్రకాశం పంతులుగారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. ఎవరి గురించి రాయాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. మన సభ్యుల్లో సగంమంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. నాలుగేళ్ళకొకసారి అక్కడ ఎన్నికలు రాగానే ఇక్కడ మన ఇళ్ళలో కూడా చర్చలు మొదలవుతాయి. అధ్యక్ష పదవికి పోటీచేసే ఆయన తనకు తోడుగా ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవాలి గదా, ఆ తోడును ఎదుటి పార్టీ నుంచి తెచ్చుకుంటాడేమోనని పత్రికల్లో ఊహాగానాలు ప్రతిసారీ వస్తాయి. 2008లో మెక్కెయిన్ అనే ఆయన, అంతకు ఎనిమిదేళ్ళ ముందు ఎదుటి పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన లీబర్‌మన్‌ని తీసుకోవాలని మనసుపడి, సొంత పార్టీవారు ఒప్పుకోకపోవడంతో మానుకున్నాడు. ఇదంతా వింతగా చెప్పుకుంటారు మన పిల్లలు. ఎదుటి పక్షం మనిషిని తోడుగా కాదు, ఏకంగా ముఖ్యమంత్రిగానే తెచ్చి కూర్చోబెట్టి, తమ నాయకుణ్ణి ఆయన కింద ఉపముఖ్యమంత్రిని చేసిన ముచ్చట మన ఆంధ్రదేశంలో 1953లోనే జరిగిందని వాళ్ళకు తెలియదు. ఆ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. నలుగురికి వండిపెట్టి తెచ్చిన డబ్బుతో చదువుకున్న పిల్లవాడు రాష్ట్రాన్ని ఏలడం ఇప్పటివారికి కథలా ఉంటుంది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆయన్ను చేరదీసి రాజమహేంద్రవరం తీసుకెళ్ళారు. చదువుతోపాటు నాటకాలు, అల్లరి కూడా సమానంగా సాగాయి. ప్లీడరై బాగా గడించి, రాజమహేంద్రవరం పురపాలక సంఘానికి అధ్యక్షుడై, తర్వాత ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో పేరుమోసిన న్యాయవాది అయ్యారు. గాంధీగారి పిలుపు మీద ఆ ప్రాక్టీసు వదిలేశారు. 1921లో స్వరాజ్య పత్రిక పెట్టి సంపాదించినదంతా అందులో పోశారు. ఆ పత్రిక చివరకు అప్పులపాలై మూతపడింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకులకు రొమ్ము ఎదురొడ్డిన సంగతి మనం బడిలోనే చదువుకున్నాం కనుక దాని జోలికి పోను. ఆంధ్రకేసరి అన్న పేరు అక్కడే స్థిరపడింది.

మన దివిసీమవారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటుంది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో పంతులుగారు రెవెన్యూ మంత్రి. జమీందారీ భూముల మీద విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. భూమికి హక్కుదారు రైతేగాని జమీందారు కాదని ఆ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. చల్లపల్లి ఎస్టేటు కింద శిస్తులు కట్టిన తరం పెద్దలు మా చిన్నప్పుడు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళు పంతులుగారి పేరు ఎత్తితే భుజం మీది కండువా తీసి మాట్లాడేవారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. దానికి తొలి పునాది ఆ నివేదికే.

ఇక అసలు విషయం. పంతులుగారి రాజకీయ జీవితంలో ఒక విచిత్రం ఉంది. సొంత పార్టీ ఆయన్ను పడగొట్టింది, ఎదుటి పార్టీ ఎక్కించింది. 1946 ఏప్రిల్ 30న ఆయన ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. గాంధీగారికి, ఢిల్లీ పెద్దలకు రాజాజీ కావాలి. ఇక్కడి శాసనసభ్యులు మాత్రం పంతులుగారిని ఎన్నుకున్నారు. పదకొండు నెలలు తిరగకుండానే, 1947 మార్చిలో ఆయన కాంగ్రెస్ పార్టీ సభ్యులే ఆయన్ను దింపి ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారిని ఎక్కించారు. కొత్త బట్టల మిల్లులు వద్దని, ఖద్దరు కావాలని పట్టుబట్టడం ఒక కారణం. ఎవరినీ సంప్రదించకుండా నిర్ణయాలు తీసుకునే ఆయన తత్వం ఇంకొక కారణం. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఈ రెండో కారణాన్ని నేను కాదనలేను.

1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. ఒక పక్క ఆచార్య రంగాగారు, ఇంకో పక్క నీలం సంజీవరెడ్డిగారు. రంగాగారు ఓడారు. ఆ ఓటమితో ఆయన, పంతులుగారు ఇద్దరూ కాంగ్రెస్ విడిచి బయటికి వచ్చారు. కొద్దికాలానికే ఇద్దరూ విడిపోయి, రంగాగారు కృషికార్ లోక్ పార్టీ అన్నారు, పంతులుగారు కృపలానీగారితో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ అన్నారు. పాఠకులు ఈ సంజీవరెడ్డిగారి పేరు గుర్తుంచుకోవాలి. రెండేళ్ళు తిరిగేసరికి ఈయన, పంతులుగారు ఒకే మంత్రివర్గంలో పక్కపక్కన కూర్చుంటారు.

1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు వచ్చినవి 152. కమ్యూనిస్టులకు 62, ప్రజా పార్టీకి 35. మన కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టుల గాలి ఎలా వీచిందో పెద్దలకు విదితమే. పంతులుగారు మద్రాసు హార్బరు నియోజకవర్గంలో ఓడిపోయారు. అయినా కాంగ్రెసేతరులంతా కలిసి ఓడిన ఆయన్నే తమ నాయకుడిగా ఎన్నుకుని, 166 మంది బలం ఉందని గవర్నరు శ్రీప్రకాశగారికి విన్నవించారు. గవర్నరుగారు వాళ్ళను పిలవలేదు. ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని మండలికి నామినేట్ చేసి ప్రభుత్వం ఏర్పాటు చేయించారు. కమ్యూనిస్టులు ఆ రోజు పంతులుగారి వెనుక నిలిచారన్నది కూడా గుర్తుపెట్టుకోదగ్గదే.

ఆ ఏడాది చివర పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణ చేశారు. అక్టోబరు 19న మొదలుపెట్టిన దీక్షలో డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. మద్రాసు నగరం మాత్రం రాలేదు. ఆ నగరం కోసం చివరిదాకా పట్టుబట్టినవారిలో పంతులుగారు ఒకరు.

కొత్త రాష్ట్ర శాసనసభలో 140 మంది. అందులో కాంగ్రెస్‌కు సగం కూడా లేరు. కమ్యూనిస్టులు దగ్గర దగ్గరగా ఉన్నారు. మిగిలిన చిన్న పార్టీలు ఎటు వంగితే అటు ప్రభుత్వం. కాంగ్రెస్ శాసనసభా పక్షానికి నాయకుడు సంజీవరెడ్డిగారు. ఆయనకు అప్పుడు 40 ఏళ్ళు. పంతులుగారికి 81. ఢిల్లీలో లెక్కలు వేసుకున్నారు. కమ్యూనిస్టులు గద్దె ఎక్కకుండా ఉండాలంటే ఎవరి పేరు చెబితే కోస్తా, రాయలసీమ రెండూ ఊరుకుంటాయి? ప్రకాశం పేరు తప్ప ఇంకొకటి కనిపించలేదు. సంజీవరెడ్డిగారు పక్కకు జరిగారు. పంతులుగారు ముఖ్యమంత్రి, రెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. ప్రజా సోషలిస్టు పార్టీ పెద్దలు దీనికి సమ్మతించకపోతే పంతులుగారు ఆ పార్టీ నుంచి బయటికి వచ్చారు. అనుచరుల్లో తెన్నేటి విశ్వనాథంగారి వంటివారు వెంట నడిచారు. కొందరు ఎదుటి బల్లల మీదే ఉండిపోయారు.

మాది హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. నల్లని కాకి ఇక్కడ సంగమంలో మునిగి తెల్లని హంసై లేచిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి వేలమంది స్నానానికి వస్తారు. 1953లో మా ఊరి పెద్దలు దీన్ని పట్టుకుని వేళాకోళం చేసేవారట. రెండేళ్ళపాటు కాంగ్రెస్‌వారికి కాకిగా కనిపించిన పంతులుగారు ఏ సంగమంలో మునగకుండానే హంస అయిపోయారని. నాకప్పుడు మూడేళ్ళు. ఈ మాట మా నాన్నగారు చాలాసార్లు చెప్పగా విన్నాను. ఆయన చిన్నరైతు. కాలువ చివరి భూమి మాది. ఆయనకు పంతులుగారి మీద గౌరవమే గాని, ఓటు మాత్రం కమ్యూనిస్టుకు వేశాననేవారు. ఊళ్ళో చాలామందిది అదే వరుస.

1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూగారు రాష్ట్రాన్ని ప్రారంభించారు. రాజధాని విషయం మన జిల్లావారికి ఇప్పటికీ మింగుడుపడదు. విజయవాడ కావలసింది కర్నూలుకు పోయిందని నేటికీ అనేవారున్నారు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమవారికి మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టడానికి పంతులుగారు కర్నూలు వైపే నిలిచారు. కోస్తా మనిషి కోస్తాకు కాదని చెప్పగలగడం ఆయనకే చెల్లింది. హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు.

కర్నూలులో కార్యాలయాలకు ఇళ్ళు లేవు. గుడారాలు వేశారు. మన ఉద్యోగుల సంచిక గనుక ఈ సంగతి కొంచెం చెప్పకుండా పోను. నేను ఎల్.డి.సి.గా చేరిన కొత్తలో మా సూపరింటెండెంటుగారు మద్రాసు నుంచి కర్నూలు వెళ్ళిన తొలి బ్యాచి గుమాస్తా. పెట్టెల్లో ఫైళ్ళు, భుజాన పక్కచుట్ట, పెళ్ళాం పిల్లల్ని అత్తవారింట దింపి రైలెక్కారట. పగలు గుడారంలో కాగితాలు ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టుకునేవారు. రాత్రి తేళ్ళ భయానికి మంచం కోళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టుకునేవారు. అయినా వాళ్ళెవరూ పంతులుగారిని తిట్టడం వినలేదనేవారు ఆయన. తమిళ సూపరింటెండెంటు కింద తెలుగులో సెలవు చీటీ రాయలేని రోజులు చూసినవారికి, తేళ్ళున్నా అది సొంత కచేరీ. పెన్షను లెక్కల్లో మద్రాసు సర్వీసు, ఆంధ్ర సర్వీసు కలపడానికి తర్వాత వాళ్ళు తిరిగిన తిరుగుడు వేరే వ్యాసం అవుతుంది.

పదమూడు నెలలే ఆ ప్రభుత్వం. ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. మాకు ముఖ్యమైనది మాత్రం బెజవాడ ఆనకట్ట. 1855లో తెల్లదొరల కాలంలో పూర్తయిన పాత ఆనకట్టకు 1952 వరదల్లో గండి పడింది. డెల్టా అంతా గుండె జారిపోయింది. బెజవాడలో నీరు నిలవకపోతే ముందు ఎండేది మా చివరి మళ్ళే. పైగా నదిలో వడి తగ్గితే సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని బావుల్లోకి వస్తుంది. పంతులుగారి ప్రభుత్వం పాతదానికి అతుకులు వేయడంతో సరిపెట్టలేదు. రోడ్డు వంతెనతో సహా కొత్త బ్యారేజి కట్టడం 1954లో మొదలైంది. 70 ఖానాలు, 1,223 మీటర్ల పొడవు. పన్నెండు లక్షల ఎకరాలకు పైగా దాని కిందే పండుతుంది.

ఇప్పుడు ఒక్క నిమిషం అమెరికా సంగతికి వెళతాను. 1864లో అంతర్యుద్ధం నడుస్తుండగా అబ్రహాం లింకన్ రెండోసారి పోటీచేశాడు. ఉపాధ్యక్షుడిగా ఉన్న సొంత పార్టీ మనిషి హామ్లిన్‌ని పక్కనపెట్టి, ఎదుటి డెమొక్రాట్ పార్టీకి చెందిన ఆండ్రూ జాన్సన్‌కు ఆ చోటు ఇచ్చారు. విడిపోతామన్న దక్షిణాది రాష్ట్రాల సెనేటర్లలో దేశం వైపు నిలిచినవాడు ఆయన ఒక్కడే. రెండు పక్షాలు ఒకటై నిలిచాయని లోకానికి చూపాలి, అందుకు ఆ పేరు కావాలి. గెలిచారు. 1865 మార్చిలో ప్రమాణం చేశారు. ఏప్రిల్‌లో లింకన్‌ని కాల్చి చంపారు. జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. ఇంకేముంది, ఆయనకు సభలో తనవాళ్ళు లేరు. లింకన్ పార్టీ వారికి ఆయన పరాయివాడు. విముక్తులైన నల్లజాతివారి హక్కుల మీద ఆయన మనసు కూడా పాత దక్షిణాది మనసే. 1868లో ఆయన్ను పదవి నుంచి తొలగించడానికి విచారణ పెట్టారు. సెనేటులో 35 మంది తొలగించాలని, 19 మంది వద్దని ఓటు వేశారు. మూడింట రెండొంతులకు ఒక్క ఓటు తగ్గి ఆయన పదవి నిలిచింది.

అక్కడ ఒక్క ఓటుతో నిలబడ్డాడు, ఇక్కడ ఒక్క ఓటుతో పడిపోయారు. పంతులుగారు ఎంత గొప్పవారు, జాన్సన్ ఎంతటివాడు అన్న పోలిక నేను చేయడం లేదు. చిక్కు మాత్రం ఒకటే. ఎదుటి పక్షం నుంచి మనిషిని తెచ్చుకున్నప్పుడు ఆయన పేరు మాత్రమే వస్తుంది. ఆయన వెనుక జనం సభలోకి రారు. సభలో చేతులెత్తేవాళ్ళు వేరే నాయకుడి మనుషులు.

ఇక్కడ నిప్పు పుట్టింది కల్లు దగ్గర. 1948 నుంచి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం అమల్లో ఉంది. గీతవృత్తి మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. మా సముద్రపు ఒడ్డున తాడిచెట్లకు కొదవ లేదు, గీసేవాడికి కూడు మాత్రం లేదు. గౌతు లచ్చన్నగారు వాళ్ళ తరఫున సత్యాగ్రహం నడిపారు. విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారి రామమూర్తిగారి అధ్యక్షతన వేసిన సంఘం నిషేధం ఎత్తివేయమని చెప్పింది. ప్రభుత్వమే వేసిన సంఘం చెప్పిన మాట ప్రభుత్వం తోసిపుచ్చింది. పంతులుగారు గాంధీగారి మనిషి. నిషేధం ఎత్తడానికి మనసొప్పలేదు. ఒకవేళ ఆయన ఒప్పుకున్నా కాంగ్రెస్ సిద్ధాంతం అడ్డు. ఎదుటి పార్టీ బలం మీద నిలబడ్డవాడికి వంగే స్వేచ్ఛ కూడా ఉండదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. 1952లో పంతులుగారిని నాయకుడన్న కమ్యూనిస్టులు ఈసారి ఆయనకు వ్యతిరేకంగా చేతులెత్తారు. పాత పార్టీ సహచరుల్లో కొందరూ అటే ఓటు వేశారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఏడాది దాటగానే మన రాష్ట్రం రాష్ట్రపతి పాలన చూసింది.

పదవి మీద ఆశతో పాత శత్రువుల పంచన చేరారని పంతులుగారిని ఆ రోజుల్లో చాలామంది విమర్శించారు. నేను ఒప్పుకోను. 81 ఏళ్ళ వయసులో, ఆస్తంతా దేశానికి ధారపోసి, అప్పులు తప్ప ఏమీ మిగలని మనిషికి గుడారాల్లోని ముఖ్యమంత్రి పదవి మీద ఏం మోజు? రాష్ట్రం రాగానే నిలబెట్టేవాడు కావాలన్నారు, నిలబడ్డారు. తప్పు పట్టాలంటే ఆ ఏర్పాటును పట్టాలి. ఓటరుకు చెప్పి చేసిన జత కాదది. ఎన్నికలో కాంగ్రెస్‌ను కాదని ఓటు వేసినవారి నాయకుణ్ణి, ఎన్నిక అయిపోయాక కాంగ్రెస్ తన నాయకుడన్నది. మా నాన్నగారి వంటివారిని ఎవరూ అడగలేదు. తిరువాన్కూరు కొచ్చిన్‌లోనూ 1954లో ఇదే జరిగింది. పట్టం తాణుపిళ్ళగారిని కాంగ్రెస్ బయటినుంచి మోసింది, ఏడాది లోపే దింపేసింది.

1955 ఎన్నికల్లో ఆ మెలకువ కనిపించింది. కాంగ్రెస్, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ మూడూ ముందుగానే చేతులు కలిపి, ఒకరికొకరు పోటీపడకుండా జనం ముందుకు వచ్చాయి. 83వ ఏట పంతులుగారు కూడా తిరిగి ప్రచారం చేశారు. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. ఓట్లు మాత్రం వాళ్ళకు నూటికి 31 వరకు వచ్చాయి. గెలిచాక ముఖ్యమంత్రి పదవి పంతులుగారికి ఇవ్వలేదు. బెజవాడ గోపాలరెడ్డిగారికి ఇచ్చారు. అప్పటికి కాంగ్రెస్‌కు సొంత బలమే 119. అరువు పేరు అవసరం తీరింది. సంజీవరెడ్డిగారు మళ్ళీ ఉపముఖ్యమంత్రే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆయన ముఖ్యమంత్రి అయ్యాక, ఉపముఖ్యమంత్రి పదవిని తెలంగాణవారికి ఇవ్వాలన్న ఒప్పందం ఉన్నా ఆ పదవి ఆరో వేలు వంటిదని తీసిపారేశారు. ఇద్దరు ముఖ్యమంత్రుల కింద తానే ఆరో వేలుగా ఉన్న మనిషి ఆయన. అనుభవం మీద అన్నారో, అవసరం మీద అన్నారో! 1977లో రాష్ట్రపతి అయినప్పుడు మాత్రం ఆయన కాంగ్రెస్ మనిషి కారు, జనతా పార్టీ ఎంపిక.

పంతులుగారు ఊరికే కూర్చోలేదు. తన జీవితయాత్ర రాసుకున్నారు. చివరి భాగం ఆయన తర్వాత తెన్నేటివారు పూర్తిచేశారు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో మండుటెండలో ఊళ్ళు తిరిగి వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆస్పత్రిలో మే 20న కన్నుమూశారు. వెనుక ఆస్తి ఏమీ లేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

బ్యారేజి ఆ ఏడాది డిసెంబరులో తెరిచారు. ఆయన పేరే పెట్టారు. చూడటానికి ఆయన లేరు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తగిలినప్పుడు మా ఊరంతా రెండు రాత్రులు టీవీల ముందే కూర్చుంది. బ్యారేజి నిలిచింది. అక్కడ వదిలిన కాలువ నీరు పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా నదిని దాటి దివిసీమలోకి వస్తుంది. మా ఊరికి చేరేది అందరికన్నా చివర. వంతు రోజున కాలువలో మొదటి నీళ్ళు కనపడగానే మా నాన్నగారు చెంబుతో ముంచి రుచి చూసేవారు, ఉప్పు తగిలిందా లేదా అని. ఆయన పోయాక అన్నయ్య చూశాడు. ఇప్పుడు అన్నయ్య కొడుకు చూస్తున్నాడు.